ఖుర్బానీ తోలు, క్రోమియం, కంటికి కనబడని జీవులు

బక్రీద్ రోజు మధ్యాహ్నానికల్లా మన మసీదు ఆవరణలో తోళ్లు గుట్టగా చేరతాయి. కుర్రాళ్లు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని ఒక్కో తోలునూ పరిచి, లోపలి వైపు రాళ్ల ఉప్పు చల్లి, మడిచి పెడతారు. సాయంత్రానికి వ్యాపారి వ్యాన్ వస్తుంది. లెక్క రాసుకుంటారు. వచ్చిన డబ్బు రసీదు పుస్తకంలోకి ఎక్కి, పిల్లల ఫీజులకూ దిక్కులేని ఇళ్ల సరుకులకూ కొంత ఆసరా అవుతుంది. ఒకప్పుడు మేకతోలు వందల్లో పలికేది. ఇప్పుడు ఉప్పు ఖర్చు, ఆటో బాడుగ పోను మిగిలేది స్వల్పమే. అయినా మీలో ఎవరూ తోలు ఇవ్వడం మానలేదు.

పోయిన సంవత్సరం లెక్కలు చదివిన రోజు వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి అడిగారు. "సార్, ఆంబూరు వైపు తోళ్ల వల్లే నీళ్లు పాడయినాయంటారే. మనం సవాబ్ కోసం ఇచ్చిన తోలు ఇంకొకరి బావిలో విషమవుతుందా?" ఆయన కూర్చోకముందే ఒక కుర్రవాడు అందుకున్నాడు. "ఇప్పుడు ఆ క్రోమియాన్ని తినేసే బ్యాక్టీరియా వచ్చేసినాయి చాచా. ఫోన్లో చూశాను. ఇంక భయం లేదు."

సైన్సు చెప్పేవాణ్ని కదా, ఇద్దరూ నా వైపు చూశారు. అస్ర్ నమాజుకు టైమవుతోంది. ఏదో సగం సగం చెప్పి కూర్చున్నాను. ఈ సంచికలో నాలుగు పేజీలు ఇస్తామన్నారు కాబట్టి మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

ఆ కుర్రవాడు చెప్పింది అబద్ధమేమీ కాదు. క్రోమియం విషాన్ని తట్టుకునే బ్యాక్టీరియా ఉన్నాయి, దాని విషగుణాన్ని తగ్గించేవీ ఉన్నాయి. కొన్నింటిని రాణిపేట మట్టిలోంచే తీశారు. కానీ "తినేస్తాయి" అన్న మాట దగ్గరే తేడా వస్తుంది. అన్నాన్ని తింటే అన్నం మిగలదు. లోహం అలా కాదు. దాన్ని ఏ జీవీ అరిగించుకుని లేకుండా చేయలేదు. రూపం మార్చవచ్చు, చోటు మార్చవచ్చు, అంతే.

తోలు పోయే దారి

మన దగ్గర పోగైన తోళ్లు వ్యాపారుల చేతులు మారి ఎక్కువగా పాలారు లోయకు చేరతాయి. వాణియంబాడి, ఆంబూరు, పేర్ణంపట్టు, మేల్విషారం, రాణిపేట. ఈ ఊళ్లు మనకు పరాయివి కావు. కుప్పం, పలమనేరు, చిత్తూరు వైపు కుటుంబాలకు అక్కడ పెళ్లి సంబంధాలున్నాయి. జబ్బు చేస్తే వేలూరు ఆసుపత్రికి పోతాం. నాకు ఆంబూరులో ఖాలా ఉంది, చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే.

పాలారు కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి, కోలారు సీమ దాటి, మన కుప్పం ప్రాంతంలో సుమారు 33 కిలోమీటర్లు నడిచి తమిళనాడులోకి దిగుతుంది. పేరుకు పాల ఏరు, ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. టానరీలన్నీ మనకు దిగువన ఉన్నాయి. అందువల్ల మన తోలు కిందికి పోతుంది గానీ ఆ మురికి పైకి ఎక్కి రాదు. కంటికి ఎదురుగా లేదు కనుక మనం దాని గురించి ఎక్కువగా ఆలోచించలేదు.

పూర్వం తోలు ఊనడానికి క్రోమియం వాడేవారు కాదు. మన గుట్టల మీద పచ్చగా పూసే తంగేడు ఉంది చూడండి, దాని చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది. తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టిన నీళ్లలో తోళ్లను వారాల తరబడి ఉంచేవారు. ఆ తోలుకు లండన్ మార్కెట్టులో మంచి పేరుండేది. 1903 ప్రాంతంలో మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు క్రోమియం పద్ధతిని ప్రయోగంగా మొదలుపెట్టించారు. వారాల పని గంటల్లోకి వచ్చింది. తోలు మెత్తగా, వేడికి తట్టుకునేలా తయారవుతుంది, రంగులు బాగా పడతాయి. స్వాతంత్ర్యం తర్వాత, అందులోనూ ఎగుమతులు పెరిగాక, అందరూ ఇటు మళ్లారు. ఈరోజు మన కాళ్లకున్న చెప్పుల తోలులో చాలా భాగం క్రోమియంతో ఊనినదే.

పెద్ద కర్ర డ్రమ్ములో తోళ్లు, నీళ్లు, క్రోమియం సల్ఫేట్ అనే ఆకుపచ్చ పొడి వేసి తిప్పుతారు. తోలు లేత నీలం రంగుకు తిరుగుతుంది. వేసిన క్రోమియంలో తోలు పట్టుకునేది నూటికి 60, 70 పాళ్లు మాత్రమే. మిగిలింది నీళ్లతో బయటికి వస్తుంది. ఒకప్పుడు ఆ నీళ్లు నేరుగా కాలవలోకి, చెరువులోకి, ఏటి ఇసుకలోకి పోయేవి. ఆ సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్‌దీప్ సింగ్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు దేశమంతటా న్యాయ కళాశాలల్లో పాఠంగా చెబుతారు. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని మన చట్టంలో భాగంగా నిలబెట్టింది ఆ తీర్పే. ఆ ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయిందన్న సర్వేను కోర్టు అందులో ప్రస్తావించింది.

ఆ టానరీల్లో చాలా వాటి యజమానులు మనవాళ్లే. పనివాళ్లలోనూ మనవాళ్లున్నారు. బావులు చెడిపోయిన ఊళ్లలోనూ మనవాళ్లున్నారు. ఈ విషయాన్ని ఎవరి మీదికో తోసి మాట్లాడే వీలు మనకు లేదు.

ఒకే లోహం, రెండు ముఖాలు

ఇక్కడ కొంచెం బడి పాఠం తప్పదు. మా బడి ల్యాబులో పొటాషియం డైక్రోమేట్ సీసా ఒకటి ఉంటుంది. నారింజ రంగు పలుకులు, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. పదో తరగతి పిల్లలకు ఒక ప్రయోగం చేసి చూపిస్తాను, వాళ్ల చేతికి మాత్రం ఇవ్వను. ఆ నారింజ ద్రావణంలో కొంచెం ఆమ్లం, కొంచెం స్పిరిట్ పోసి వెచ్చజేస్తే చూస్తుండగానే ఆకుపచ్చగా మారిపోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. పరీక్షనాళికలో క్రోమియం ఒక్క పరమాణువు కూడా తగ్గలేదు. దాని స్థితి మారింది, అంతే. నారింజలో ఉన్నది క్రోమియం-6, ఆకుపచ్చలో ఉన్నది క్రోమియం-3.

ఈ రెండింటికీ హస్తిమశకాంతరం తేడా. క్రోమియం-3 మామూలు నీళ్లలో సరిగా కరగదు, అడుగున మడ్డిలా దిగిపోతుంది, జీవకణం లోపలికి తేలిగ్గా దూరలేదు. క్రోమియం-6 నీళ్లలో హాయిగా కరిగి, భూగర్భజలంతో పాటు ప్రయాణం చేస్తుంది. అది కచ్చితంగా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఉంది. పొగగా, ధూళిగా పీల్చినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. చర్మానికి తగిలితే మానని పుండ్లు పడతాయి. మన దేశ ప్రమాణం ప్రకారం తాగేనీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదు.

టానరీ డ్రమ్ములో వాడేది క్రోమియం-3. ఈ సంగతి టానరీలవాళ్లు గట్టిగా చెబుతారు, అది నిజం కూడా. మరి 6 ఎక్కడిది? ఆ ఆకుపచ్చ పొడిని తయారుచేసే చోట పుడుతుంది. క్రోమైట్ ఖనిజాన్ని సోడాతో కలిపి కొలిమిలో కాల్చి ముందు క్రోమియం-6 లవణంగా మార్చి, దాన్నుంచి మిగతావి తయారుచేస్తారు. కాల్చాక మిగిలిన బూడిదలో కొంత 6 ఉండిపోతుంది. రాణిపేటలో తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే కర్మాగారం రెండు దశాబ్దాల పాటు అలా నడిచి 1990లలో మూతపడింది. లక్ష టన్నులకు పైగా వ్యర్థాన్ని ఆవరణలోనే గుట్టగా వదిలేసింది. వాన పడినప్పుడల్లా ఆ గుట్టలోంచి పసుపు నీళ్లు ఊరుతాయి. 2006లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ ప్రపంచంలో అతి ఎక్కువగా కలుషితమైన పది చోట్ల పేర్లు ప్రకటిస్తే అందులో చెర్నోబిల్ పక్కన రాణిపేట పేరుంది. చిత్తూరు నుంచి కాట్పాడి మీదుగా బస్సెక్కితే పూటలో పోయి రాగలిగిన ఊరు.

బ్యాక్టీరియా ఎలా బతికిపోతాయి

అలాంటి గుట్ట కింది మట్టిని చెంచాడు తెచ్చి పరీక్షించినా అందులో బ్యాక్టీరియా బతికే ఉంటాయి. ఎలా?

ముందు విషం లోపలికి ఎలా వస్తుందో చూద్దాం. ప్రతి బ్యాక్టీరియాకూ ప్రోటీన్లు కట్టుకోవడానికి గంధకం కావాలి. దాన్ని సల్ఫేట్ రూపంలో నీళ్లలోంచి తీసుకుంటుంది. అందుకోసం కణం గోడలో ప్రత్యేకమైన తలుపులుంటాయి. క్రోమియం-6 నీళ్లలో క్రోమేట్ రూపంలో ఉంటుంది. దాని ఆకారం, విద్యుదావేశం అచ్చం సల్ఫేట్ లాగే ఉంటాయి. తలుపు దగ్గరి కాపలావాడు పోల్చుకోలేక లోపలికి వదిలేస్తాడు. లోపలికి వచ్చిన క్రోమేట్ అక్కడి పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటూ 5, 4, 3 అని మెట్లు దిగుతుంది. ఆ దిగే దారిలో చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి డి.ఎన్.ఎ.ను తెగ్గొడతాయి. మన శరీరకణాల్లోనూ జరిగేది ఇదే. విషమంతా ఈ మెట్లు దిగడంలోనే ఉంది.

తట్టుకునే బ్యాక్టీరియా రకరకాల ఉపాయాలు చేస్తాయి. కొన్ని ఆ తలుపుల్నే తగ్గించుకుంటాయి. కొన్ని తెగిన డి.ఎన్.ఎ.ను చకచకా అతికించుకుంటాయి. కొన్ని తమ ఒంటి చుట్టూ ఉన్న జిగురులో లోహాన్ని అంటించుకుని లోపలికి రానివ్వవు. కానీ అన్నింటికన్నా ముఖ్యమైనవి రెండు. ఒకటి పంపు, రెండోది మార్పు.

పంపు అంటే నిజంగా పంపే. వానాకాలం ఇంట్లోకి నీళ్లొస్తే మోటారు పెట్టి తోడిపోస్తాం కదా. కణం గోడలో కూర్చున్న ఒక ప్రోటీన్, లోపలికి వచ్చిన క్రోమేట్‌ను వచ్చినట్టే బయటికి తోసేస్తుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలో, క్యుప్రియావిడస్ మెటల్లిడ్యూరన్స్ అనే మరోదానిలో ఈ పంపు జన్యువును 1990 నాటికి గుర్తించారు. ఈ రెండోదాని కథ చెప్పుకోదగినది. 1976లో బెల్జియంలో ఒక జింకు కర్మాగారం మడ్డి తొట్టిలో దాన్ని పట్టుకున్నారు. జింకు, కాడ్మియం, కోబాల్టు, నికెల్, పాదరసం, క్రోమియం అన్నీ తట్టుకుంటుంది. పేరులోనే లోహాలను ఓర్చుకునేది అన్న అర్థం ఉంది. ఆస్ట్రేలియాలో బంగారు రేణువుల మీద కూడా ఇదే కనిపించింది. కరిగి ఉన్న బంగారం దానికి విషం, ఆ విషాన్ని అది మళ్లీ లోహపు బంగారంగా దింపేస్తుంది. మన పక్కన కోలారు గనులున్నాయని ఆశపడకండి, దిగే బంగారం నలుసంత!

మార్పు అంటే నేను పరీక్షనాళికలో చేసిన పనే. బ్యాక్టీరియా దగ్గరున్న కొన్ని ఎంజైములు క్రోమియం-6కు ఎలక్ట్రాన్లు అందించి, మధ్య మెట్ల మీద ఎక్కువసేపు నిలవనీయకుండా 3లోకి దించేస్తాయి. గాలి లేని చోట కొన్ని బ్యాక్టీరియా మనం ఆక్సిజన్ వాడుకున్నట్టు క్రోమేట్‌నే ఊపిరికి వాడుకుంటాయి. 1977లో అప్పటి సోవియట్ శాస్త్రవేత్తలు ఇలాంటిదాన్ని మురుగులోంచి తీసి ప్రకటించారు. ఆ తర్వాత జపాన్‌లో, అమెరికాలో, మన దేశంలో టానరీల మురుగులో పదుల రకాలు దొరికాయి. తమాషా ఏమిటంటే ఈ ఎంజైముల్లో చాలా వాటి అసలు పని వేరు. కణంలో ఇంకేదో పదార్థాన్ని చూసుకోవడానికి పుట్టినవి, క్రోమియం ఎదురుపడితే దాన్నీ మారుస్తాయి. మన కోసం అయితే కాదు.

తట్టుకోవడం వేరు, విషం తీయడం వేరు

ఇందాకటి కుర్రవాడికి నేను చెప్పాలనుకున్నది ఇదే. పంపు పెట్టుకున్న బ్యాక్టీరియా ఆ విషంలో నిక్షేపంగా బతుకుతుంది. కానీ అది తోడిపోసిన క్రోమేట్ మళ్లీ నీళ్లలోకే కదా వచ్చింది? మీ బావిలో విషం పిసరంత కూడా తగ్గలేదు. "క్రోమియాన్ని తట్టుకునే బ్యాక్టీరియా దొరికింది" అన్న వార్త చూడగానే నీళ్లు శుభ్రమవుతాయని అనుకోకూడదు. తట్టుకుంటోందా, మారుస్తోందా అని అడగాలి.

ఆర్సెనిక్ విషయంలో ఇది ఇంకా తిరకాసు. ఆర్సెనేట్ అనేది ఫాస్ఫేట్ లాగా కనబడి కణంలోకి దూరుతుంది. బ్యాక్టీరియా దాన్ని ఆర్సెనైట్‌గా మార్చి పంపుతో బయటికి తోస్తుంది. దాని ప్రాణం నిలుస్తుంది. ఆర్సెనైట్ మాత్రం మనకు ఆర్సెనేట్ కన్నా ఎక్కువ విషం, నేలలో ఎక్కువగా కదులుతుంది కూడా. పాదరసమైతే మరో దారి. బ్యాక్టీరియా కరిగి ఉన్న పాదరసాన్ని ఆవిరయ్యే మామూలు పాదరసంగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. ఇంట్లో చెత్త ఊడ్చి వీధిలో పోసినట్టు. జర్మనీలో 2000 ప్రాంతంలో దీన్నే తెలివిగా వాడుకున్నారు. ఒక రసాయన కర్మాగారం మురుగునీటిని ఇలాంటి బ్యాక్టీరియా పెంచిన తొట్టి గుండా పంపి, పుట్టిన పాదరసం బిందువులు అందులోనే చిక్కుకునేలా చేశారు. బ్యాక్టీరియా మార్చింది, మనిషి పట్టుకున్నాడు. రెండూ ఉంటేనే పని అయింది.

క్రోమియం విషయంలో ఇద్దరి ప్రయోజనమూ ఒకటే కావడం మన అదృష్టం. బ్యాక్టీరియాకు హాని చేయని 3 మనకూ తక్కువ హాని చేస్తుంది, నీళ్లలోంచి అడుగుకు దిగిపోతుంది. అందుకే పరిశోధకులు దీని వెంట పడ్డారు.

2005లో ఐ.ఐ.టి. మద్రాసు పరిశోధకులు రాణిపేటలోని ఆ మూతపడ్డ కర్మాగారం స్థలం నుంచే క్రోమియాన్ని మార్చే బ్యాక్టీరియాను వేరుచేసి పెంచారు. అవి బలంగా పనిచేయాలంటే తిండి కావాలి. వాటికి పెట్టింది ఏమిటో తెలుసా? మొలాసిస్. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే నల్లటి మడ్డి. బెల్లం మండీకి పేరుపడ్డ చిత్తూరువాళ్లకు ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ప్రయోగశాలలో సరిపడా బ్యాక్టీరియా, సరిపడా మొలాసిస్ కలిపిన మట్టిలో క్రోమియం-6 మొత్తం 20 రోజుల్లో 3గా మారిపోయింది. తర్వాత భూగర్భజలం నడిచే దారిలో ఇలాంటి బ్యాక్టీరియాతో అడ్డుకట్టలాగా ఏర్పాటు చేసి, పెద్ద తొట్టెల్లోనూ పరీక్షించారు.

అమెరికాలో ఈ పద్ధతి ప్రయోగశాల దాటి పొలాల్లోకి వచ్చింది. కాలిఫోర్నియాలో హింక్లీ అనే చిన్న ఊరు ఉంది. ఒక గ్యాస్ కంపెనీ 1952 నుంచి 1966 దాకా క్రోమియం-6 కలిసిన నీళ్లను గుంటల్లోకి వదిలింది. ఊరివాళ్లు కోర్టుకెక్కారు, 1996లో కంపెనీ 33.3 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ ఊరి నేలలోకి ఏళ్ల తరబడి ఆల్కహాలు పంపు చేస్తున్నారు, అక్కడి బ్యాక్టీరియాకు మేతగా. అవి మేత తిని పెరుగుతూ ఆక్సిజన్‌ను ఖర్చుచేసి క్రోమియం-6ను దించేస్తాయి. అయితే ఆక్సిజన్ తగ్గిన నేలలోంచి మాంగనీసు, ఇనుము, ఆర్సెనిక్ కొంత కరిగి నీళ్లలోకి రావడం మొదలైంది. దాన్ని కనిపెట్టి చూసుకోవడం ఇంకో పనయింది. కోట్ల డాలర్లున్న కంపెనీ, గట్టి నియంత్రణ ఉన్న రాష్ట్రం, అయినా దశాబ్దాల పని.

రాణిపేట గుట్ట సంగతి వేరు. అది నేలలో ఇంకిన పల్చటి విషం కాదు, బూడిద కొండ. దానిలో క్షారం ఎక్కువ, విషం మోతాదు ఎక్కువ, ఏటా కొత్తగా వాన. కొండను అలాగే ఉంచి కింద బ్యాక్టీరియాకు మొలాసిస్ పోయడమంటే, కుళాయి కట్టేయకుండా నేల తుడవడమే. ముందు వ్యర్థాన్ని కప్పి వాన తగలకుండా చేయడమో తరలించడమో జరగాలి. నేలలో మిగిలినదాన్ని బ్యాక్టీరియాకు అప్పగించవచ్చు.

ఇంకొక చిక్కు. 3గా మారి అడుగున దిగినది అక్కడే ఉంటుంది. నేలలో మాంగనీసు ఆక్సైడ్లుంటే కొంత మెల్లమెల్లగా తిరిగి 6గా మారగలదు. శుద్ధి కేంద్రాల్లో దించిన క్రోమియం అంతా మడ్డిగా పోగవుతుంది. ఆ మడ్డిని ఎక్కడ పెట్టాలన్నది ఇప్పటికీ పెద్ద తలనొప్పి. 2015 జనవరి 31 తెల్లవారుజామున రాణిపేట సిప్కాట్‌లో టానరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం మడ్డి తొట్టి గోడ కూలింది. పక్క టానరీలో నిద్రపోతున్నవారి మీదికి ఆ బురద విరుచుకుపడి పదిమంది చనిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి కూలికి వచ్చిన కుర్రాళ్లు. నీళ్లలోంచి తీసిన లోహం ఎక్కడికీ పోదని చెప్పడానికి ఇంతకన్నా దారుణమైన ఉదాహరణ నాకు కనబడదు.

అందుకే బ్యాక్టీరియా కన్నా ముందు చేయాల్సినది డ్రమ్ములోనే ఉంది. వాడిన క్రోమియం నీళ్లను విడిగా పట్టి, మెగ్నీషియం ఆక్సైడ్ వేసి క్రోమియాన్ని దించి, ఆమ్లంలో కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948 నుంచి ఈ పరిశ్రమతోనే ఉంది. ఇలాంటి పద్ధతులను అదే ప్రచారం చేసింది. శ్రద్ధ ఉన్న టానరీలు చేస్తున్నాయి. క్రోమియం డబ్బుపెట్టి కొన్న సరుకే కదా, పారబోస్తే నష్టం తమదేనని వాళ్లకు తెలుసు.

ఒక పక్క మాట

ఈ తట్టుకునే జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. చుట్టల మీద ఉంటాయి. బ్యాక్టీరియా వాటిని పక్కవాటికి ఇచ్చిపుచ్చుకుంటాయి. అదే చుట్ట మీద యాంటీబయాటిక్ మందులను తట్టుకునే జన్యువులు కూడా ఉండవచ్చు. ఆసుపత్రుల్లో దొరికే స్టాఫిలోకాకస్‌లో పెన్సిలిన్‌కు లొంగని జన్యువులూ, కాడ్మియం, పాదరసం వంటి లోహాలకు లొంగని జన్యువులూ ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నట్టు 1960లలోనే కనుగొన్నారు. అంటే లోహపు మురుగులో మందు ఒక్క చుక్క లేకపోయినా, మందుకు లొంగని బ్యాక్టీరియా నిలిచి పెరిగే అవకాశం ఉంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో ప్రకటించినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది. అక్కడ మందే మురుగులో ఉంది. ఇలాంటి సూక్ష్మజీవుల సంగతి మన సొసైటీ వైద్య సహాయం ఫైళ్లలోనూ తెలుస్తోంది. ఐదు రోజుల మందుతో తగ్గాల్సిన జ్వరానికి ఖరీదైన ఇంజక్షన్ల బిల్లులు వస్తున్నాయి. అన్నిటికీ కారణం లోహాలని నేననను. విషంలో బతకడం నేర్చిన జీవులన్నీ మనకు మిత్రులు కావని మాత్రం గుర్తుంచుకోవాలి.

మనం చేయగలిగినవి

పెద్దాయన ప్రశ్నకు వస్తాను. మన తోలు ఎవరి బావిలోనైనా విషమవుతుందా? అది తోలును బట్టి ఉండదు, ఊనే చోటును బట్టి ఉంటుంది. మన తోళ్లు కొనే వ్యాపారిని, సరుకు ఏ ఊరికి పోతుంది, ఆ టానరీ ఉమ్మడి శుద్ధి కేంద్రానికి కలిసి ఉందా అని అడగవచ్చు. అడిగేవాళ్లు లేక చెప్పడం లేదు గానీ దాచాల్సిన రహస్యమేమీ కాదు. ఈసారి తోళ్ల రిజిస్టరులో ధర పక్కన దానికి ఒక గడి పెట్టాలని కమిటీని కోరుతున్నాను. మంచి జవాబు చెప్పే వ్యాపారి తోలుకు రెండు రూపాయలు తక్కువ ఇచ్చినా అతనికే ఇద్దాం. ఆ లోటు భరించేది దాతలే కాబట్టి మీ సమ్మతి కూడా కావాలి.

చెప్పుల పని, బ్యాగుల పని చేసే ఇళ్లకు ఒక హెచ్చరిక. తోలు ముక్కలను పొయ్యిలో, స్నానాల నీళ్ల పొయ్యిలో కాల్చకండి. వేడికి 3 కాస్తా 6గా మారుతుంది. బూడిదలోనూ పొగలోనూ అదే ఉంటుంది. బ్యాక్టీరియా కష్టపడి దించినదాన్ని మనం అగ్గిపుల్లతో మళ్లీ ఎక్కిస్తున్నామన్న మాట.

ఆంబూరు, వాణియంబాడి వైపు బంధువులున్నవారు బోరు నీళ్లకు లోహాల పరీక్ష చేయించమని చెప్పండి. మామూలు పరీక్షల్లో క్రోమియం చూడరు, విడిగా అడగాలి. నీళ్లు కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, లోహం మాత్రం అలాగే ఉంటుంది. ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది కూడా.

మొన్న రంజాన్ సెలవుల్లో మా ఖాలా ఇంటి బోరు నీళ్లు రెండు సీసాల్లో పట్టుకెళ్లి పరీక్షకిచ్చాను. ఎప్పుడెప్పుడు క్రోమియం అంకె చూస్తానా అని భయపడ్డాను. అది పరిమితి లోపలే ఉంది. కానీ మొత్తం కరిగిన లవణాలు లీటరుకు 2,000 మిల్లీగ్రాములు దాటాయి. వేరే నీళ్లు దొరకని చోట కూడా అంతకుమించి ఉండకూడదు. ఖాలాకు ఆ కాగితం అక్కర్లేకపోయింది. "టీ విరిగిపోతుంది బేటా, పదిహేనేళ్లయింది ఈ నీళ్లు నోట్లో పోసుకుని" అంది. ఉప్పును ఏ బ్యాక్టీరియా మార్చదు, దించదు. పైగా ఉప్పు ఎక్కువైతే క్రోమియాన్ని మార్చే బ్యాక్టీరియా కూడా మందగిస్తాయి. ఆ లోయ నీళ్లలోని ఉప్పులో పెద్ద వాటా పచ్చితోళ్లకు చల్లేదే. పచ్చితోలు బరువులో దాదాపు 40 పాళ్లు ఉప్పు పడుతుంది, టానరీలో మొదటి కడుగులోనే అదంతా నీళ్లలో కలుస్తుంది.

వచ్చే బక్రీద్‌కు కుర్రాళ్లకు తూకం రాయి, కొలత డబ్బా ఇస్తున్నాం. చేటలతో ఇష్టమొచ్చినట్టు కాకుండా తోలుకు ఇంత అని కొలిచి చల్లుతారు. వ్యాన్ ఎక్కించే ముందు ప్రతి తోలునూ టార్పాలిన్ మీద దులిపి, రాలిన ఉప్పును మూట కట్టి ఆ మరుసటి తోళ్లకే వాడతారు. ఎంత ఉప్పు మిగిలిందో తూచి, వచ్చే సంచికలో రాస్తాను.